బొటనవేలికి అందని వేడి

ఆ ఇంట్లో ఇన్నేళ్ళయినా థర్మామీటరు కొనకపోవడానికి కారణం ఒక బొటనవేలు. ఇంటాయనది, కుడిచేతిది. పాలు కాగాయో లేదో గిన్నె అంచుకి దాన్ని ఆనించి చెప్తాడు. ఇస్త్రీపెట్టె సరిపడా కాలిందో లేదో దాంతోనే చూస్తాడు. ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే నుదుటి మీద ముద్ర వేసినట్టు అద్ది, "ఏం లేదు, ఎండన పడొచ్చావు, పడుకో" అని తీర్పు ఇచ్చేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె దీన్ని చూసి ముచ్చటపడింది. తర్వాత అలవాటుపడింది. ఇప్పుడైతే పొయ్యి మీద ఏం పెట్టినా వెనకనుంచి ఆ వేలు వచ్చి వాలుతుందేమోనని మూతపెట్టి వండుతోంది.

"డిగ్రీ చదివినదాన్ని. పాలు కాగాయో లేదో నాకు తెలీదా?" అని ఒకసారి నిలదీసింది.

"నీ డిగ్రీ దేంట్లో?"

"చరిత్రలో."

"మరి పాలు ఇప్పుడు కాగుతున్నాయి కదా," అన్నాడు ఆయన, వేలు తీయకుండానే.

బజారులో మాత్రం ఆ వేలికి మంచి పేరుంది. ఆయనది ఫోన్లు బాగుచేసే కొట్టు. వీధిలో అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. ఫోను తెరవాలంటే ముందు దాన్ని వేడిపలక మీద బోర్లా పెట్టాలి. అద్దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే జిగురు వేడికి మెత్తబడుతుంది. మెత్తబడిందో లేదో పైకి కనబడదు. ఆయన ఫ్రేము అంచున బొటనవేలు ఆనించి, గోడ గడియారం కేసి చూడకుండా, వీధిలోకి చూస్తూ నిలబడతాడు. అల్యూమినియం అంచు కాలి, వేలు తనంతట తానే వెనక్కి వచ్చిందంటే జిగురు వదిలినట్టే. అప్పుడు పలచని ప్లాస్టిక్ ముక్క దూర్చి చుట్టూ తిప్పితే అద్దం తపాలకవరులా విచ్చుకుంటుంది. పలకకి డయలుంది, ముల్లుంది, అంకెలున్నాయి. ఆయనకి వాటితో పరిచయం తక్కువ.

ఆ డయలు మీద గులాబీరంగు గోళ్ళరంగుతో చుక్క పెట్టింది ఆయన భార్య చెల్లెలు. మామూలు ఫోన్లకి ముల్లు అక్కడే ఉండాలని గుర్తు. చెల్లెల్ని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదు, అన్నం తినిపించడానికి వాకిలంతా తిరగాల్సి వచ్చేది. అలాంటి మనిషి బావగారి కొట్లో పెద్దభూతద్దం కింద, వెంట్రుకంత తీగ కొసని పట్టకారుతో పట్టుకుని, ఊపిరి కూడా ఆచితూచి తీస్తూ పూటలకి పూటలు కూర్చునేది. మేడమీద గదిలో ఉంటుంది. పొద్దున్నే బావతోపాటు దిగి వెళ్ళి, సాయంత్రం బావకంటే ముందు కబుర్లతో ఎక్కేది.

ఆ రోజు అక్క క్యారియరు పట్టుకుని కొట్టుకి వెళ్ళేసరికి కబుర్లు లేవు. బల్లకి ఇవతల పశువుల డాక్టరమ్మ నిలబడి ఉంది, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లతో, చేతికి ఇంకా పనిలోంచి వచ్చిన మందు వాసనతో. బల్ల మీద డాక్టరమ్మ ఫోను. బ్యాటరీ మార్చమని ఇచ్చింది. ఇప్పుడు తెర మీద ఒక మూల ఊదారంగు మరక, సిరాబుడ్డి ఒలికినట్టు.

"ఆవు కాలేసింది దీనిమీద," అంటోంది డాక్టరమ్మ. "నిజంగా కాలేసింది. ఏం కాలేదు. టైటానియం ఫ్రేము కదా అని ఊళ్ళో అందరికీ చూపించుకున్నాను. తీసుకొచ్చి మీ చేతుల్లో పెడితే చచ్చిపోయింది."

"లోపల అంతా బాగానే ఉందండీ. ఫోటోలూ అవీ ఎక్కడికీ పోవు. తెర ఒక్కటే. నేను తెప్పించి వేస్తాను," అన్నాడు ఆయన. తర్వాత వేడిపలక కేసి చూశాడు. ముల్లు గులాబీచుక్కని దాటి చాలా ముందుకెళ్ళి ఉంది. "మా అమ్మాయి వేడి పెంచేసిందండీ. ఇంకా కుదరని చెయ్యి."

పిచ్చుక స్టూలు మీంచి లేచింది. "నేను డయలు ముట్టుకోలేదు బావా."

"మరి దానంతటదే తిరిగిందా?"

"నేను చాలనే చెప్పాను. నువ్వే వేలు పెట్టి చూసి, ఇంకా కాలలేదు, ఉంచు అన్నావు."

"ఉంచమన్నాను. తిప్పమన్నానా?"

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తగువు తీర్చడం తన వృత్తి కాదన్నట్టు సంచీ భుజాన వేసుకుంది. "తెర వచ్చాక మీరే వెయ్యండి. ఈ అమ్మాయి మాత్రం ముట్టుకోకూడదు."

"అలాగేనండీ," అన్నాడు ఆయన.

ఆ అలాగేనండీ చాలా తేలిగ్గా వచ్చింది. ఆమె క్యారియరు బల్ల మీద పెడుతూ చెల్లెలి మొహం చూడలేదు. డబ్బాలు ఒక్కొక్కటీ విప్పి వరసగా పేర్చింది, అవి మళ్ళీ కలిసిపోతాయేమో అన్నంత జాగ్రత్తగా. మధ్యాహ్నం నుంచి పిచ్చుక స్టూలు భూతద్దం కిందనుంచి వీధివైపుకి జరిగింది. ఫోన్లకి తెరకాగితాలు అంటించడం, తొడుగులు అమ్మడం ఇక తన పని. లోపలి బల్ల జోలికి వెళ్ళకూడదు.

సాయంత్రం అక్క మెట్ల మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతుంటే పిచ్చుక వచ్చి పైమెట్టు మీద కూర్చుంది. దుప్పటి కొస ఒకటి అందుకుంది. ఇద్దరూ రెండు కొసలు పట్టుకుని లాగి, దగ్గరికొచ్చి, మళ్ళీ లాగారు. చిన్నప్పటినుంచి వాళ్ళ రాజీలన్నీ దుప్పట్ల మడతల్లోనే జరిగాయి.

"అక్కా, నువ్వు చెప్పు. ఆ చుక్క పెట్టిందే నేను. నేనే దాటిస్తానా?"

దాటించదు. అక్కకి ఆ సంగతి తన పేరు తెలిసినంత బాగా తెలుసు. పిచ్చుక చిన్నప్పుడు గాజుగ్లాసు పగలగొట్టి, ఎవరూ అడక్కుండానే ముక్కలు దోసిట్లో పెట్టుకొచ్చి చూపించిన పిల్ల. కానీ లోపల ఆయన అన్నానికి పిలుస్తారని ఎదురుచూస్తూ కుర్చీ చప్పుడు చేస్తున్నాడు. పక్కగదిలో అత్తగారు రేడియో గొంతు తగ్గించి చెవి ఇటు పెట్టింది.

"తిప్పావేమోలేవే. హడావిడిలో గుర్తులేదేమో," అంది దుప్పటి అంచులు సరిచేస్తూ. "ఒప్పేసుకుంటే పోయేదేముంది? మీ బావ సంగతి తెలుసుగా, రెండ్రోజుల్లో మర్చిపోతాడు."

పిచ్చుక దుప్పటి కొస వదిలేసింది. లేచి మేడమీదకి వెళ్ళింది. అక్క మిగిలిన మడత ఒక్కతే వేసుకుంది. వంకరగా వచ్చింది.

మర్నాడు పిచ్చుక కిందికి దిగలేదు. తలనొప్పి అని కబురు పంపింది, అదీ అత్తగారి ద్వారా. ఆయన వాకిట్లో చెప్పులు వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకున్నాడు.

"కొట్లో వీధివైపు ఎవరో ఒకరు కావాలి," అన్నాడు గాలిలోకి.

"నేనా?"

"తెరకాగితం అంటించడానికి చరిత్ర చాలు," అన్నాడు.

ఆ విధంగా ఆమెకి ఉద్యోగం వచ్చింది. మొదటి కాగితం కింద గాలిబుడగలు చూసి కొన్నావిడ, "ఇది డిజైనా?" అని అడిగింది. "కొత్తగా వచ్చిందండీ," అంది ఆమె. రెండోదాని కింద ఒక వెంట్రుక ఇరుక్కుంది. అది తనదేనని పొడుగునిబట్టి తెలిసింది. మూడోదానికి చెయ్యి తిరిగింది. తొడుగులు అమ్మడం మాత్రం బాగా వచ్చింది. ఏ రంగు అడిగినా, "అది మీకు నప్పదు," అంటే చాలు, అదే కొంటున్నారు.

మధ్యలో ఆయన కొనేవాళ్ళకి లోహాల పాఠం చెప్తుంటే వినడం మరో కాలక్షేపం. ఇదివరకు ఫోన్లన్నీ అల్యూమినియం. తేలిక, మెత్తన. కింద పడితే మూల సొట్టబోతుంది, సొట్ట తీస్తే వస్తుంది, చెప్పినమాట వింటుంది. ఇప్పుడు ఖరీదైనవాటికి అంచు టైటానియంతో చేస్తున్నారు. లోపలి పళ్ళెం అల్యూమినియమే, చుట్టూ పట్టీ మాత్రం ఇది. విమానాల్లో వాడతారు, విరిగిన ఎముకలకి వేస్తారు, కొయ్యాలంటే రంపం పళ్ళే అరుగుతాయి. "మొండిది," అనేవాడు మురిపెంగా, కొనేవాడి ఫోను వేలితో నిమిరి. ఆ మురిపెం చూసి ఆమెకి కొంచెం ఈర్ష్య కలిగింది. ఇంట్లో మొండితనానికి అంత గౌరవం దొరగ్గా ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆమె చేరిన రెండోరోజు వచ్చింది రెండో టైటానియం ఫోను. ప్రయాణాల ఏజెంటుది. తెర ఒక పక్క లేచింది, తెరిచి మళ్ళీ అతికించాలి. ఇచ్చి, సాయంత్రం వస్తానని పోయాడు.

కొట్లో ఇద్దరే ఉన్నారు. ఆయన ఫోనుని పలక మీద బోర్లించాడు. ముల్లుని చుక్క మీదకి తెచ్చాడు. అంచు మీద బొటనవేలు ఆనించి వీధిలోకి చూశాడు. ఎదురుగా ఎవరో బండి వెనక్కి తీయలేక అవస్థ పడుతున్నారు. ఆయన, "ఇటు, ఇటు కొట్టు," అని గొణిగాడు. వేలు కదల్లేదు. అంచు కాల్లేదన్నమాట. కాసేపు గడిచింది. అప్పుడు ఆయన ఎడమచెయ్యి లేచి, డయలు మీదకి వెళ్ళి, కొంచెం తిప్పింది. ఆయన కళ్ళు బండి మీదే ఉన్నాయి. ఇంకాసేపటికి మళ్ళీ కొంచెం. తర్వాత మళ్ళీ.

ఆమె చేతిలో తొడుగు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి ఆమెకి తెలుసు. ఇంట్లో పేపరు చదువుతూ ఫ్యాను పెంచే చెయ్యి అదే. వంటింట్లోకి వచ్చి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె పొయ్యి మంట పెంచేసి పోయే చెయ్యి అదే. ఎవరు పెంచారంటే, నేనెక్కడ ముట్టుకున్నాను అంటాడు. అబద్ధమాడడు. నిజంగానే ఆయనకి తెలీదు.

"ఏవండీ," అనబోయింది. అప్పటికే ఆయన ముక్కు ఎగబీల్చాడు. ఏదో కమురు వాసన. ఫోను తిప్పి చూశాడు. మూలన ఊదామరక, నెమ్మదిగా పాకుతూ.

ఆయన మరక కేసి చూశాడు. తర్వాత డయలు కేసి. గులాబీచుక్క చాలా వెనక ఎక్కడో ఉంది. ఆయన ఫోనుని మెల్లగా సొరుగులో పెట్టి, సొరుగు మూసి, తల ఎత్తాడు. ఆమె చూస్తోంది.

"దానంతటదే తిరిగిందా?" అంది ఆమె.

ఆయన బొటనవేలిని చొక్కాకి తుడుచుకున్నాడు, అదేదో మురికి పట్టినట్టు.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఒకచోట నిలవలేదు. ఆయన వసారాలోంచి గదిలోకి, గదిలోంచి వసారాలోకి తిరిగాడు. ఏజెంటుకి ఏం చెప్పాడో ఆమె అడగలేదు. అడక్కపోవడంలో ఉన్న సుఖం ఆమెకి తెలుసు. టీ ఇస్తే గ్లాసుని పట్టుకోకుండా ముందు తేరిపార చూసి, రుమాలు చుట్టి అందుకున్నాడు. బొటనవేలు ఉద్యోగం మానేసిందని ఆమెకి అర్థమైంది. మేడమీద పిచ్చుక ఇటునుంచి అటు నడుస్తున్న చప్పుడు నెత్తిమీద వినబడుతోంది. అక్క దానికి తగ్గట్టు వంటింట్లో డబ్బాలు దించి, తుడిచి, మళ్ళీ అవే చోట్లలో పెట్టింది.

"మరిగే నీళ్ళు కావాలి. రెండు గ్లాసులు," అన్నాడు ఆయన గుమ్మంలో నిలబడి.

జేబులోంచి పాత ఫోన్లనుంచి ఊడదీసిన రెండు పట్టీలు తీశాడు. ఒకటి తెల్లగా మెరిసే అల్యూమినియం, ఇంకొకటి మసకబూడిద రంగు టైటానియం. రెంటినీ చెరో గ్లాసులో నిలబెట్టి, పైకొసల మీద చెరో బొటనవేలు ఆనించాడు. అల్యూమినియం మీది వేలు చటుక్కున లేచింది. రెండోది అలాగే ఉంది. ఉంది. ఆయన దాన్ని గట్టిగా నొక్కాడు. ఇంకా ఉంది.

"చూడు," అన్నాడు ఆమెతో.

ఆమె ఆనించింది. ఒకటి చురుక్కుమంది. రెండోది నీళ్ళలో ఉన్నట్టే లేదు, ఎక్కడో నీడపట్టున కూర్చున్నట్టుంది. నీళ్ళ దగ్గర ముట్టుకుంటే మాత్రం కాలింది.

అత్తగారు వచ్చింది. "కాఫీలో ఆ రేకుముక్కలేంట్రా?"

"కాఫీ కాదమ్మా. వేలు పెట్టి చూడు."

ఆవిడ కూడా పెట్టింది. "ఇది వెంటనే చెప్పేస్తోంది. రెండోది ఉలుకూ పలుకూ లేదు. లోపల ఉడికిపోతున్నా పైకి తేలదు. అచ్చం మీ నాన్నే," అని, పట్టీని తిప్పి చూసి వెళ్ళిపోయింది.

"అదీ సంగతి," అన్నాడు ఆయన. పోయిన హుషారు గొంతులోకి తిరిగొచ్చింది. "తెర ఉడికిపోతున్నా అంచు చల్లగానే ఉంటుంది. నేను అంచునే కదా అడిగాను. లోహం మోసం చేసింది."

"మొన్న చెల్లెలి తప్పు. ఇవాళ లోహం తప్పు. ఎల్లుండికి ఎవరిని అనుకుంటున్నారు?"

"అది కాదు—"

"గ్లాసులు నావే. కావాలంటే వాటిమీద వెయ్యండి."

ఆయన మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. సగం దాకా వెళ్ళి ఆగాడు. దిగాడు. మళ్ళీ రెండు మెట్లెక్కి అక్కడినుంచే తల పైకెత్తి పిలిచాడు.

"ఇదిగో పిచ్చుకా! రేపట్నుంచి లోపలి బల్ల దగ్గరే కూర్చోవచ్చు నువ్వు."

పైన నడక ఆగింది. "నన్ను క్షమించేశావా బావా?"

"అదే అనుకో."

"చాలా దయ. పెద్దరోడ్డు మీద ఫోన్ల కొట్టువాళ్ళు పనికి రమ్మన్నారు. రేపొచ్చి నా సామాన్లు తీసుకుంటాను."

తలుపు మూసుకుంది. ఆయన మెట్టు మీదే కూర్చున్నాడు. "నేనేమన్నాను ఇప్పుడు? రమ్మనేగా అన్నాను," అన్నాడు భార్యతో. ఆమె గ్లాసుల్లో నీళ్ళు పారబోసింది. లోపల ఎక్కడో కొంచెం సంబరంగా కూడా ఉంది. ఈ మనిషి నోట ఒప్పుకోలు రావడం తను కళ్ళారా చూడాలి. రేపు కొట్లో, చెల్లెలి ఎదుట, వీలైతే నలుగురి ఎదుట. ఆ మాట ఎలా లాగాలో రకరకాలుగా అనుకుంటూ కుదురులేకుండా అటూ ఇటూ తిరిగింది.

మర్నాడు లాగాల్సిన పని పడలేదు. డాక్టరమ్మ ఫోను తెర రాగానే ఆయన దాన్ని తనే బిగించాడు. కొత్తగా కొన్న థర్మామీటరుని, తుపాకీలా ఉండేదాన్ని, తెర మీదకి గురిపెట్టి, అంకె చూసి, మళ్ళీ గురిపెట్టి, ముల్లుని చుక్క దాటనివ్వకుండా, ఎడమచేతిని జేబులో పెట్టుకుని పనిచేశాడు. ఆ చెయ్యి రెండుసార్లు జేబులోంచి బయటికి రాబోయింది. రెండుసార్లూ వెనక్కి తోశాడు.

పశువుల డాక్టరమ్మా పిచ్చుకా దాదాపు ఒకేసారి వచ్చారు. పిచ్చుక ఎవరినీ పలకరించకుండా లోపలికి వెళ్ళి, తన స్క్రూడ్రైవర్లని గుడ్డసంచీ అరల్లో ఒక్కొక్కటే దూరుస్తోంది. డాక్టరమ్మ ఫోనుని వెలుతురులో పెట్టి చూసి, తృప్తిగా తలూపింది. తర్వాత వీధివైపు స్టూలు మీద అక్కని చూసింది.

"ఆ అమ్మాయిని తీసేశారా? మంచి పని చేశారు."

లోపల సంచీలో స్క్రూడ్రైవరు ఒకటి ఆగిపోయింది. అక్క ఆయన కేసి చూసింది. ఆయన తల ఊపితే చాలు. డాక్టరమ్మ వెళ్ళిపోతుంది. మళ్ళీ అలాగేనండీ అంటే సరిపోతుంది.

"తీసెయ్యలేదండీ," అన్నాడు ఆయన. "ఆ అమ్మాయి చేయలేదు. వేడి పెంచింది నేను. అంచు కాలిందో లేదో వేలు పెట్టి చూసే అలవాటు. అల్యూమినియం అయితే చెప్పేది, ఇది చెప్పలేదు. నా చెయ్యి తిప్పుతూ పోయింది. తర్వాత ఇంకొకాయన ఫోనూ కాల్చాను. మీ ఫోనప్పుడు ఆ అమ్మాయి చాలంది, నేనే వినలేదు. మీ ఎదురుగా నింద తన మీద వేశాను. తప్పు నాది."

డాక్టరమ్మ ఫోనుని సంచీలో వేసుకుంది. "మా దగ్గర కూడా కొందరు రైతులు చెవి పట్టుకుని చూసి జ్వరం లేదంటారు," అంది. "మేం థర్మామీటరు పెడతాం. ఎక్కడ పెడతామో అడక్కండి." తర్వాత లోపలికి తొంగిచూసి, "అమ్మాయ్, నేనూ తొందరపడి అనేశాను. ఏమనుకోకు," అంది.

"పర్లేదండీ," అంది పిచ్చుక. స్క్రూడ్రైవరు అరలోకి వెళ్ళింది. తర్వాతది అందుకుంది.

అక్క మనసు గాలిలో తేలుతోంది. అనుకున్నదానికంటే బాగా జరిగింది. సాయంత్రం అత్తగారికి ఎలా అభినయించి చూపించాలో కూడా కుదిరిపోయింది. లోపలికి వెళ్ళి, బల్ల మీది సన్న పట్టకారుని తనే అందుకుని, "ఇక చాల్లే, అవన్నీ బయటికి తియ్యి. భోజనం కూడా ఇద్దరికీ కలిపే తెచ్చాను," అంది.

"ఆ పట్టకారు ఇటివ్వక్కా."

"ఇంకేంటే? ఒప్పుకున్నాడుగా! నలుగురిలో!"

"విన్నాను. బావతో నాకేం లేదు ఇప్పుడు." పిచ్చుక చెయ్యి చాపే ఉంచింది. "బావ తెలీక అన్నాడు, అక్కా. ఒప్పేసుకో అన్నది బావ కాదు."

వేడిపలక ఇంకా చల్లారలేదు. ఆయన దాని ముల్లు కేసి చూస్తూ నిలబడ్డాడు, అక్కడ తను లేనట్టు. డాక్టరమ్మ తన సంచీలో ఏదో వెతుక్కుంటోంది. అక్క నవ్వబోయింది. ఇలాంటప్పుడు ఆమెకి ఎప్పుడూ ఒక మాట దొరుకుతుంది, ఎదుటివాళ్ళు నవ్వేసి విషయం మర్చిపోయే మాట. వెతికింది. చరిత్రా అందలేదు, వెటకారమూ అందలేదు. పట్టకారుని పిచ్చుక చాచిన చేతిలో పెట్టింది.

"నువ్వు తిప్పలేదని నాకు ఆ రోజే తెలుసు," అంది, అందరికీ వినబడేంత గట్టిగా. "తెలిసే అలా అన్నాను. ఇంట్లో గొడవ లేకుండా అన్నం తినేస్తే చాలనిపించింది. తప్పు చేశానే."